చిన్న కుక్క గుర్రుమంటే గదమాలా, వదిలేయాలా?

మోతీనగర్ లడ్డూ వాళ్లమ్మ
మా లడ్డూ షిట్జూ జాతి కుక్క. నాలుగేళ్లది, ఆరు కిలోలుంటుంది. రెండు నెలల కింద మా ఆడపడుచు కూతురు, ఏడేళ్ల పిల్ల, సోఫా మీద పడుకున్న లడ్డూని ముందుకాళ్ల కింద చేతులు పెట్టి లేపేసింది. లడ్డూ గుర్రుమంది. మా ఆయన పేపర్ చుట్టి మూతి మీద ఒక్కటిచ్చారు. ఇలా మూడు నాలుగుసార్లు అయ్యాక గుర్రుమనడం మానేసింది. "చూశావా, దారికొచ్చింది" అన్నారు. మొన్న ఆదివారం పాప మళ్లీ ఎత్తుకుంది. ఈసారి చప్పుడే లేదు, నేరుగా చెయ్యి పట్టేసింది. రెండు గాట్లు, కొంచెం రక్తం. సబ్బు పెట్టి పావుగంట కుళాయి కింద కడిగి, నారాయణగూడలో సర్కారు టీకా కేంద్రం ఐపీఎంకి తీసుకెళ్లి రేబిస్ ఇంజెక్షన్ వేయించాం. లడ్డూకి టీకాలు వేయించే ఉన్నాం, అయినా పిల్ల విషయంలో రిస్క్ ఎందుకని.

ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. ఇంకా గట్టిగా భయం చెప్పాలని మా ఆయన. కొట్టడం వల్లే ఇలా అయిందేమోనని నేను. మీరేమంటారు?

నల్లకుంట తాతయ్య
అమ్మా, ఏమనుకోవద్దు, నెత్తికెక్కించుకున్నారు. చనువిస్తే చంకెక్కడం అంటే ఇదే. నలభై ఏళ్లుగా కుక్కల్ని పెంచుతున్నాను. ఒకప్పుడు మా కాలనీలో ఇంటికో తెల్ల పామేరియన్ ఉండేది, సగం వాటి పేర్లు స్నోయీ, మిగతా సగం జిమ్మీ. మొరిగే కుక్క కరవదంటారు కానీ, మా పాలవాడి మడమల్ని అడిగితే చెప్తాయి. కుక్కంటే మంద జంతువు. ఇంట్లో నాయకుడు ఎవరో దానికి తెలియకపోతే తనే నాయకుడు అనుకుంటుంది. సోఫా మీంచి దించండి, భోజనం మీరు తిన్నాకే పెట్టండి, గుర్రుమంటే గట్టిగా చెప్పండి.

రాజేంద్రనగర్ వెటర్నరీ స్టూడెంట్
తాతగారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెప్తున్నాను. ఈ 'నాయకుడు' కథ 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త రాసిన దాని నుంచి వచ్చింది. ఆయన చూసింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్లని. ఆ మాటని జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో ఒకరైన డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి చూశాక 1999లో ఆయనే సవరించుకున్నాడు. అడవిలో గుంపు అంటే మామూలుగా అమ్మానాన్నా, వాళ్ల పిల్లలూ. కొట్టుకుని గద్దెనెక్కే వ్యవహారం కాదు. అసలు తోడేలు సంగతే అలా ఉంటే, సోఫా మీద షిట్జూకి సింహాసనం కోరిక అంటగట్టడం అన్యాయం.

ఇక లడ్డూ విషయం. బ్రిటన్‌లో కెండల్ షెపర్డ్ అనే పశువైద్యురాలు కుక్క హెచ్చరికల్ని నిచ్చెనలా గీసి చూపించారు. కింది మెట్టు మీద ఆవలింత, కళ్లు ఆర్పడం, ముక్కు నాక్కోవడం. తర్వాత తల పక్కకి తిప్పుకుంటుంది, ఒళ్లు తిప్పుకుంటుంది, లేచి వెళ్లిపోతుంది. వీల్లేకపోతే చెవులు వెనక్కి వాల్చి నక్కుతుంది, తోక కాళ్ల మధ్యకి పోతుంది. ఆ పైన బిగుసుకుపోయి తదేకంగా చూడటం, ఆ తర్వాత గుర్రుమనడం, గాల్లో కరవడం, చివరికి నిజంగా కరవడం. గుర్రుమనేది చాలా పైమెట్టు. అప్పటికే అది "వద్దు" అని నాలుగైదు రకాలుగా చెప్పేసి ఉంటుంది. మీ ఆయన పేపర్‌తో కొట్టి ఆ ఒక్క మెట్టు విరగ్గొట్టారు. భయం మాత్రం పోలేదు. అందుకే చప్పుడు లేకుండా నేరుగా చివరి మెట్టుకి వెళ్లింది.

ఇంకోమాట, మన కాలనీల్లో పామేరియన్ అని పిలుచుకున్నవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. మీ స్నోయీ కూడా బహుశా అదే!

మారేడ్‌పల్లి పగ్ పిన్ని
ఈ నిచ్చెన చదవాలంటే ముందు కుక్క మొహం కనపడాలి కదా బాబూ. షిట్జూకి జుట్టు కళ్ల మీద పడి ఉంటుంది. కంగారులో పక్కకి చూసినప్పుడు తెల్లగుడ్డు నెలవంకలా కనిపించడం పెద్ద గుర్తు అంటారు, ఆ జుట్టు వెనకాల ఎవరికి కనిపిస్తుంది? మా పగ్‌కి నుదురు పుట్టుకతోనే ముడతలు, కంగారు పడినా అంతే, పడుకున్నా అంతే. తోక చుట్ట చుట్టుకునే ఉంటుంది. రొప్పడం ఎండకో, టెన్షన్‌కో పోల్చుకోవడం కష్టం.

నేను చూసుకునేది ఒకటే. ఎవరైనా ముట్టుకున్నప్పుడు మా బుజ్జి నోరు టక్కున మూసేస్తుంది. అప్పటిదాకా నాలుక వేలాడేసి హాయిగా ఉన్నది, పెదాలు బిగించి, ఊపిరి కూడా ఆపినట్టు నిలబడిపోతుంది. రెండు సెకన్లే. అప్పుడే చెయ్యి తీసేయమంటాను. లడ్డూకి ముందు కళ్ల మీద జుట్టు కత్తిరించండి, లేదా పిలక వేయండి. దానికీ మనుషులు కనిపిస్తారు, ఉలికిపడటం తగ్గుతుంది.

మియాపూర్ చింటూ
అక్కా, మాది చివావా. తోక ఊపుతూనే మా ఫ్రెండ్‌ని కరిచింది. తోక ఊపితే సంతోషం అనుకున్నాం. తర్వాత తలుపు వెనకాల చెవులు వాల్చి కూర్చుంది, తప్పు చేశానని తెలిసినట్టే ఉంది మొహం.

రాజేంద్రనగర్ వెటర్నరీ స్టూడెంట్
చింటూ, ఊపడం అంటే ఉద్రేకంగా ఉందని మాత్రమే. నడుముతో సహా ఒళ్లంతా ఊగిపోతే సంతోషం. తోక కర్రలా నిటారుగా లేచి, కొసమాత్రం గబగబా కదిలితే దగ్గరకి వెళ్లొద్దు. ఇటలీలో 2007లో ఒక పరిశోధన చేశారు. యజమానిని చూసినప్పుడు కుక్కల తోక ఎక్కువగా కుడివైపుకి, తెలియని పెత్తందారీ కుక్కని చూసినప్పుడు ఎడమవైపుకి ఊగిందట. పగ్ పిన్నిగారి బుజ్జి దగ్గర మాత్రం ఇది పనిచేయదు.

తప్పు చేసిన మొహం గురించి కూడా 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు పరీక్షించారు. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదాంతో ఆ మొహానికి సంబంధం లేదు. యజమాని తిడితే వచ్చింది, తప్పు చేయకుండా తిట్లు తిన్న కుక్కలకీ వచ్చింది. మీ చివావా అప్పుడు చూసింది మీ కోపాన్ని.

నల్లకుంట తాతయ్య
స్పిట్జ్ అయినా పామేరియన్ అయినా పాలవాడికి నొప్పి ఒకటే నాయనా. నిచ్చెన సంగతి ఒప్పుకుంటున్నాను. ఒక్కటి అడుగుతాను. మా అల్సేషన్ అతిథి మీద గుర్రుమంటే ఇల్లంతా లేచి నిలబడేది. అదే పని చిన్నది చేస్తే "అబ్బో, ఎంత కోపమో" అని ఫోన్‌లో వీడియో తీసి నవ్వుతారు. ట్రైనింగ్ ఉండదు, నడక ఉండదు, లిఫ్ట్ దాకా చంకలోనే. ఈ లడ్డూని రోజూ నేల మీద నడిపించేవాళ్లెవరు? కొండాపూర్‌లో కుక్కల కోసమే పార్క్ కట్టారు, ఒక్కసారైనా తీసుకెళ్లారా?

రాజేంద్రనగర్ వెటర్నరీ స్టూడెంట్
ఈ మాటకి మీకు దండం తాతగారూ, ఇది నిజం. వియన్నాలో కుక్కల యజమానులని సర్వే చేసి 2010లో ప్రచురించారు. చిన్న కుక్కల యజమానులు ట్రైనింగ్ తక్కువ ఇస్తున్నారు, ఒకరోజు వద్దన్నది ఇంకోరోజు ఒప్పుకుంటున్నారు, కలిసి ఆడటం కూడా తక్కువే. అలాంటి కుక్కలు మాట వినడం తగ్గింది. అయితే అదే సర్వేలో, చిన్న కుక్కల్ని ఎక్కువగా శిక్షించే ఇళ్లలో కుక్కల్లో భయం కూడా ఎక్కువ కనిపించింది. సర్వే కాబట్టి ఏది ముందో ఏది వెనకో తేలదు. ఒకటి మాత్రం చెప్పొచ్చు, మీరన్న క్రమశిక్షణకీ పేపర్ దెబ్బకీ సంబంధం లేదు.

లడ్డూ వాళ్లమ్మా, కొట్టడం, తిట్టడం పక్కన పెట్టి ముందు డాక్టర్‌కి చూపించండి. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకి జారడం మామూలే. మన ఫ్లాట్లలో నున్నటి టైల్స్ మీద అవి జారుతూనే బతుకుతాయి. ముందుకాళ్ల కింద పట్టి లేపితే వెనకకాళ్లు గాల్లో వేలాడతాయి. ఎత్తుకోక తప్పకపోతే ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనకభాగం కింద, ముందుగా "పైకి" అని ఒక మాట చెప్పి. రాకపోతే వదిలేయాలి. పిల్లల చేత అసలు ఎత్తించొద్దు.

మోతీనగర్ లడ్డూ వాళ్లమ్మ
పదిరోజుల తర్వాత రాస్తున్నాను. వెనక ఎడమకాలి మోకాలి చిప్ప వదులుగా ఉందన్నారు డాక్టర్. ప్రస్తుతానికి బరువు తగ్గించి, హాల్లో మ్యాట్‌లు వేయమన్నారు. అంటే పాప ఎత్తుకున్న ప్రతిసారీ నొప్పి పుట్టి ఉంటుందేమో. ఆ మాట విన్నాక మా ఆయన దారిపొడవునా మాట్లాడలేదు.

ఇంటికొచ్చి పాత వీడియో ఒకటి ఉంటే నెమ్మదిగా నడిపి చూశాం. పాప వంగేసరికి లడ్డూ ముక్కు నాక్కుంది. తల గోడవైపు తిప్పింది. ఒక పెద్ద ఆవలింత. "నిద్రొస్తోంది పాపం" అని వీడియోలో నా గొంతే వినిపిస్తోంది! ఆ తర్వాత గుర్రుమంది.

నిన్న పాప వచ్చింది. నేల మీద కూర్చుని బొమ్మలు వేసుకోమన్నాం. లడ్డూ ముప్పావుగంట సోఫా కిందే ఉంది, ఎవరం లాగలేదు. చివరికి వచ్చి పాప మోకాలిని వాసన చూసి, తన చాప మీదకి వెళ్లి పడుకుంది.

తాతయ్యగారూ, పొద్దున్నే నడక మొదలైంది, కొండాపూర్ ఆదివారం వెళ్తాం. ఇంట్లో అందరికీ ఒకే రూల్ అని కూడా పెట్టుకున్నాం. మా ఆయన పాటిస్తున్నారు. పూరీ ముక్క పెట్టకుండా ఉండటం మాత్రం మా అత్తయ్యకి చేతకావడం లేదు.