ఇంటి పక్క నిర్మాణపు చప్పుడు: కొలిచేది ఎలా, తగ్గించేది ఎలా?

ప్రశ్న (తోటపాలెం, విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉపాధ్యాయుణ్ణి. మా ప్రహరీని ఆనుకుని ఉన్న స్థలంలో కొన్ని నెలలుగా అపార్ట్‌మెంటు కడుతున్నారు. కాంక్రీటు కలిపే మిల్లరు, పోసిన కాంక్రీటును కుదించే వైబ్రేటరు మోగిన రోజులను మేము ఓర్చుకున్నాం. మా ఇల్లు కట్టుకున్నప్పుడు ఇరుగుపొరుగు వారు కూడా అలాగే ఓర్చుకున్నారు. కానీ ఇప్పుడు టైల్స్ కోసే మిషనును, ఇనుము కోసే మిషనును మా మేడ మీది పడకగదికి 5 మీటర్ల దూరంలో పెట్టి, తెల్లవారుజామున ఐదింటికే మొదలుపెట్టి, కొన్ని రోజులు రాత్రి పదకొండు దాటే వరకు నడుపుతున్నారు. మా అమ్మగారికి 82 ఏళ్లు, గుండె జబ్బుకు మందులు వాడుతున్నారు. మా అమ్మాయికి ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. మేస్త్రిని అడిగితే ఓనరు గారిని అడగమంటారు, ఓనరు గారిని అడిగితే కాంట్రాక్టరు చూసుకుంటారంటారు. ఒకసారి 112కు ఫోను చేస్తే ఆ రాత్రి ఆగింది, రెండు రోజులకు మళ్లీ మొదలైంది. ఫోనులో యాప్ పెట్టి కిటికీ దగ్గర కొలిస్తే 78 డెసిబెల్స్ చూపిస్తోంది. ఈ అంకెకు విలువ ఉంటుందా? పని ఆపించాలన్న ఉద్దేశం నాకు లేదు, చప్పుడు తగ్గితే చాలు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (శ్రీకాకుళం, విశ్రాంత సివిల్ ఇంజనీరు)

మాస్టారూ, మీ సమస్యలో రాత్రి పని, పగటి పని అని రెండు భాగాలున్నాయి. వాటిని విడదీసి చూస్తే సగం చిక్కు తీరుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు వరకు. ఆ వేళల్లో నివాస ప్రాంతాలలోనూ, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల లోపు ఉండే నిశ్శబ్ద మండలాలలోనూ శబ్దం చేసే నిర్మాణ యంత్రాలను వాడకూడదని 2010లో చేసిన సవరణ స్పష్టంగా చెబుతోంది. ఎన్ని డెసిబెల్స్ వచ్చిందన్న ప్రశ్న అక్కడ లేనే లేదు, యంత్రం నడిస్తే చాలు, ఉల్లంఘనే. కాబట్టి తెల్లవారుజామున ఐదింటి పనికీ, రాత్రి పదకొండింటి పనికీ మీరు మీటరు వెతుక్కోనక్కరలేదు. తేదీ, సమయం తెలిసేలా తీసిన వీడియో సరిపోతుంది.

పగటి సంగతి వేరు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. పగటి హద్దు కంటే 10 గానీ అంతకు మించి గానీ ఎక్కువ ఉన్నప్పుడు ఫిర్యాదు చేయవచ్చని నిబంధన. అంటే మీకు 65 ముఖ్యమైన అంకె. ఇది ఒక్క క్షణపు చప్పుడు కాదు, మొత్తం కాలానికి తీసిన సమానశక్తి సగటు, అంటే ఆ కాలమంతా వచ్చిన శబ్దశక్తిని కలిపి తీసే సగటు. సగటు అనగానే రోజంతటి నిశ్శబ్దంలో ఒక గంట మోత కరిగిపోతుందని చాలామంది కాంట్రాక్టర్లు వాదిస్తారు, అది నిజం కాదు. డెసిబెల్ మామూలు కొలత కాదు. 10 పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. మీ కిటికీ దగ్గర 80 డెసిబెల్స్‌తో ఒక్క గంట మోగి మిగిలిన పదిహేను గంటలు నిశ్శబ్దంగా ఉన్నా, పగటి పదహారు గంటల సగటు 68 వస్తుంది.

ఫోను యాప్ అంకె చట్టం ముందు రుజువుగా నిలబడదు. ఫోను మైకు మాట కోసం చేసింది, పెద్ద చప్పుడు వచ్చినప్పుడు దాని లెక్క తప్పుతుంది. అయినా దాన్ని పక్కన పడేయకండి. ఒకే ఫోనుతో, ఒకే చోట, యాప్‌లో ఎ వెయిటింగ్ (మనిషి చెవికి వినిపించే తీరుకు తగ్గట్టు లెక్కించే అమరిక) పెట్టి రోజూ కొలిస్తే పోలిక తెలుస్తుంది. పని జరుగుతున్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం కూలీలు భోజనానికి కూర్చున్నప్పుడు ఒకసారి రాసుకోండి. ఆ రెంటికీ 10 డెసిబెల్స్ తేడా ఉంటే వీధిలోని ఆటోల చప్పుడు మీ లెక్కను దాదాపు మార్చలేదన్నమాట. 3 మాత్రమే ఉంటే సగం శబ్దం వీధిదే. గోడకు దగ్గరగా కొలిస్తే గోడ మీద నుంచి తిరిగొచ్చే శబ్దం కలిసి 3 వరకు ఎక్కువ చూపుతుంది, అదీ గుర్తుంచుకోండి.

జవాబు 2 (శ్రీకాకుళం, సైటు సూపర్‌వైజరు)

నేను పని చేయించే పక్షంలో ఉన్నవాణ్ణి కనుక మా వైపు సంగతి చెబుతాను. స్లాబు వేసే రోజు ఒక్కటి మాత్రం మా చేతిలో ఉండదు. కాంక్రీటు వేయడం మధ్యలో ఆపితే, గట్టిపడిన దానికీ కొత్తగా పోసిన దానికీ మధ్య అతుకు బలహీనపడుతుంది, తర్వాత నీరు కారుతుంది. మిల్లరు పాడైనా, కంకర లారీ ఆలస్యమైనా పని చీకటి పడేదాకా సాగుతుంది. అటువంటి రోజును ముందుగా పొరుగువారికి చెప్పి, పదింటిలోపు ముగిసేలా పెందలాడే మొదలుపెట్టుకోవడం మా బాధ్యత. టైల్స్ కోత, రాడ్ల కోత అలాంటివి కావు. వాటిని రాత్రి చేయవలసిన అవసరం ఏ సైటులోనూ లేదు. ఎండకు భయపడో, త్వరగా అప్పగించాలనో చేయిస్తారు, అంతే.

మాస్టారు గారూ, మీరు ఓనరు గారిని ఒక్కటే అడగండి: కోసే చోటు మార్చమనండి. ఆరుబయట దూరం రెట్టింపైతే చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 5 మీటర్ల నుంచి 20 మీటర్లకు జరిపితే 12 తగ్గుతుంది, ఖర్చు ఒక వైరు పొడవు మాత్రమే. గోడలు లేచిన సైటు అయితే కింది అంతస్తులో మీకు ఎదురుకాని గదిలో కోయించవచ్చు. తడిపి కోస్తే ముఖ్యంగా దుమ్ము తగ్గుతుంది. ఆ దుమ్ము కోసేవాడి ఊపిరితిత్తులకు మీ చప్పుడు కంటే పెద్ద ప్రమాదం.

అడ్డు కట్టమంటే చాలామంది పల్చటి రేకులు నిలబెడతారు. వాటికి బరువు లేదు, పైగా అవే మోగుతాయి. సైటులో ఎలాగూ ఉండే ఇటుకలను కోసే మిషనుకు దగ్గరగా, సందులు లేకుండా ఆరడుగుల ఎత్తు పేర్పిస్తే దాని కన్నా ఎంతో మేలు. మిషను కనిపించకుండా పోవాలి, అది గుర్తు. మీరు మేడ మీద ఉంటారు కాబట్టి కింద ఉన్నవారికి అడ్డు పనిచేసినంతగా మీకు పనిచేయదు. అందుకే చోటు మార్చడమే మొదట అడగమంటున్నాను. సెంట్రింగు విప్పేటప్పుడు ఇనుప రేకులను పైనుంచి పారేయకుండా తాడు కట్టి దించమని కూడా చెప్పండి. జనరేటరు ఉంటే దానికి శబ్దం ఆపే పెట్టె ఉండి తీరాలి. పెట్టెకు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు.

జవాబు 3 (విజయనగరం)

మాటతో కాకపోతే కాగితంతోనే అవుతుంది. 112కు చేసే ఫోను ఆ పూట మోతను ఆపుతుందే గానీ, వ్రాతపూర్వకమైన ఉత్తర్వు ఇప్పించదు. నిబంధనలలో అధికారి అంటే జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు, డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి వంటివారు. ఇరుపక్షాల మాట విని, శబ్దం చేసే పనిని ఏ వేళల్లో, ఏ విధంగా చేయాలో నిర్దేశించే అధికారం వారికి ఉంది. అందువల్ల డీఎస్పీ గారి కార్యాలయంలో ఒక అర్జీ, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీలో ముందు రాత్రి పని గురించే రాయండి, పగటి పని గురించి చివర రాయండి. కొలతకు కాలుష్య నియంత్రణ మండలి వారి మీటరు కావాలని అందులోనే అడగవచ్చు. అమ్మగారి ఆరోగ్యం గురించి ఒక్క వాక్యం, వైద్యుల చీటీ నకలు చాలు. కథగా రాస్తే అసలు విషయం వెనకబడుతుంది.

రెండు మూడు ఇళ్ల వారు కలిసి సంతకం చేస్తే మరీ మంచిది. మా వీధిలో ఒంటరిగా వెళ్లిన అర్జీ వ్యక్తిగత తగాదాగా కనిపించింది, ఆరుగురం వెళ్లాక దాని స్వరూపమే మారింది.

ప్రశ్న అడిగినవారు (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజుల సమయాలు ఒక నోటు పుస్తకంలో రాసి, వీడియోలతో సహా ముందు ఓనరు గారికే చూపించాను. రాత్రి నిబంధన చదివి వినిపించిన తర్వాత, మనం పోట్లాడుకోవడం ఎందుకు మాస్టారూ అంటూ కాంట్రాక్టరును నా ఎదుటే పిలిపించారు. టైల్స్ మిషనును వెనక మూలకు మార్చారు. అదే ఫోను, అదే కిటికీ, ఇప్పుడు 67 చూపిస్తోంది. ఉదయం ఆరున్నరకు ముందు, రాత్రి ఎనిమిది తర్వాత మిషను నడవడం లేదు. ఇనుప రాడ్ల లారీ మాత్రం మొన్న కూడా రాత్రి పన్నెండింటికి వచ్చింది, రాడ్లను రోడ్డు మీదికి పారేశారు, అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. పక్కింటివారితో, ఎదురింటివారితో సంతకాలు చేయించాను. ఈ సోమవారం ఆ ఒక్క విషయం మీదే అర్జీ ఇస్తున్నాను.