స్పానిష్‌లో 'ఫలానా చోటివాళ్లు' అనే పదాలు: సిలబుల్స్, స్ట్రెస్

ప్రశ్న
'ఫ్రాన్సెస్' (ఫ్రెంచ్ మనిషి) రాసేటప్పుడు రెండో అచ్చు మీద వాలు గీత పెడతారు. స్త్రీలింగం 'ఫ్రాన్సెసా', బహువచనం 'ఫ్రాన్సెసెస్' రాస్తే ఆ గీత ఉండదు. స్ట్రెస్ (ఒత్తి పలకడం) చోటు మారిందా? అలాగే అమెరికా వాళ్లని చెప్పే 'ఎస్తాదౌనిదెన్సె'ని ఎక్కడెక్కడ విడగొట్టాలి?

జవాబు 1
స్ట్రెస్ కదల్లేదండీ, మూడింట్లోనూ 'సె' మీదే ఉంది. పదం అచ్చుతో గానీ, ఎన్, ఎస్‌లతో గానీ ముగిస్తే చివరి నుంచి రెండో సిలబుల్‌ని (ఒక్క ఊపులో పలికే ముక్కని) ఒత్తి పలకాలి. వేరే హల్లుతో ముగిస్తే చివరిదాన్ని. ఈ లెక్క తప్పిన చోటే గీత. ఫ్రాన్-సెస్ మీద గీత లేకపోతే చదివేవాళ్లు 'ఫ్రాన్'ని ఒత్తుతారు. ఫ్రాన్-సె-సాలో 'సె' లెక్క ప్రకారమే చివరి నుంచి రెండోది, కాబట్టి గీతతో పని లేదు. ఆలెమాన్, ఆలెమానా (జర్మన్‌లు) కూడా ఇంతే. ఎస్-పా-న్యోల్ ఎల్‌తో ముగుస్తుంది కనక దానికి అసలు గీతే లేదు.

జవాబు 2
అలాగని బహువచనంలో గీత పోతుందని బట్టీ పట్టకండి. ఇరాకీకి బహువచనం ఇ-రా-కీ-ఎస్; అక్కడ గీత ఉండి తీరాలి. ఆ, ఎ, ఒ బలమైన అచ్చులు. ఇ, ఉ బలహీనం. బలమైనదాని పక్కన బలహీనమైనది వస్తే రెండూ ఒకే సిలబుల్‌లో కలిసిపోతాయి. వాటిని విడదీసేది బలహీనమైనదాని మీద పెట్టే గీతే. అందుకే ఇ-తా-ల్యా-నో నాలుగే. రెండూ బలమైనవైతే కలవవు: కో-రె-ఆ-నో. మీరడిగినది ఆరు: ఎస్-తా-దౌ-ని-దెన్-సె, స్ట్రెస్ 'దెన్' మీద. '-ఎన్సె'తో ముగిసే ఇలాంటి పదాలన్నిట్లోనూ స్ట్రెస్ ఆ 'ఎన్' మీదే. నికరాగ్వా వాళ్ల ని-కా-రా-గ్వెన్-సెలో యు మీద రెండు చుక్కలు మరిచిపోతే 'గెన్సె' అయిపోతుంది.

జవాబు 3
తెలుగు లిపిలో రాసుకుని అక్షరాలు లెక్కపెట్టేవాళ్లకి ఒక జాగ్రత్త. 'స్పా' మనకి ఒకే అక్షరం కాబట్టి ఎ-స్పా-న్యోల్ అని విడగొడతారు. అది తప్పు, ఆ ఎస్ ముందు సిలబుల్‌ది. ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్నది గురువవుతుంది కదా, ఆ చెవితో వినండి. అయితే గురువు వేరు, స్ట్రెస్ వేరు: ఇక్కడ 'ఎస్' గురువే, ఒత్తాల్సింది మాత్రం 'న్యోల్'ని. ద్ర, బ్ర, క్ల లాంటి జంటలు విడిపోవు: మా-ద్రి-లె-న్యో (మాడ్రిడ్ వాసి).

ప్రశ్న అడిగినవారు
అయితే కోస్టారికా వాళ్లు కోస్-తార్-రి-సెన్-సె, అంతేనా?

జవాబు 1
ఐదు సిలబుల్స్ సరే, 'తార్' మాత్రం కాదు. జంట ఆర్ ఒకే ధ్వని, నాలుక బాగా అదిరించి పలకాలి. అది మొత్తం తర్వాతి సిలబుల్‌కే చెందుతుంది: కోస్-తా-ర్రి-సెన్-సె. పంక్తి చివర పదం విరిచినా ఆ రెండు ఆర్‌ల మధ్య హైఫన్ పెట్టకూడదు.