‘ప్లేస్’ అంటే ఏ చోటు?

ఒక ఇంగ్లిష్ కథ అనువదిస్తున్నాను. ఒక్క పేజీలో ‘ప్లేస్’ ఐదుసార్లు వచ్చింది. మొదటిసారి ‘స్థలం’ అని రాసి, మిగతా నాలుగు చోట్లా ఆగిపోయాను. అన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఉందా? అందులో ‘ఐ కాంట్ ప్లేస్ హిమ్’ అన్న వాక్యమైతే అసలు అంతుపట్టలేదు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:

ఒక్క మాట లేదండీ, వెతక్కండి. ‘నాలుగు చోట్లా ఆగిపోయాను’ అని మీరే రాశారు చూడండి. ‘నాలుగు స్థలాల్లో’ అనలేదు. తేడా మీ చెవికి తెలుసు, నిఘంటువు తెరిచేసరికి మరిచిపోయారు, అంతే.

‘స్థలం’ అంటే ఇవాళ మన నోట్లో ముందుగా నేలే. కొలిచేది, హద్దులు వేసేది, కొనేది, అమ్మేది. ‘స్థానం’ వరసలో దక్కేది: రెండో స్థానం, దశాంశ స్థానం, స్థాన విలువ. ‘చోటు’ మనిషో వస్తువో పట్టేంత ఖాళీ. ‘ప్రదేశం’ జనం వెళ్ళి చూసొచ్చేది. ‘తావు’ నేల మీద కంటే పలుకుబడుల్లోనే ఎక్కువ బతుకుతోంది: ‘అనుమానానికి తావు లేదు’. అక్కడ ‘స్థలం లేదు’ అని రాస్తే అనుమానం ఇల్లు కట్టుకోబోతోందా అనిపిస్తుంది. ఉర్దూ నుంచి వచ్చిన ‘జాగా’ మాత్రం నేలకూ ఖాళీకీ రెండిటికీ సర్దుకుపోతుంది.

ఇంగ్లిష్ మాట పుట్టుక వేరు. గ్రీకులో వెడల్పైన వీధిని ‘ప్లతేయా’ అనేవారు. అది లాటిన్‌లోకి, ఫ్రెంచిలోకి వెళ్ళి ఇంగ్లిష్‌కి చేరింది. ‘ప్లాజా’, ‘పియాజ్జా’ కూడా ఆ కడుపున పుట్టినవే.

మీకు అసలు చిక్కు పలుకుబడులతో. ‘టేక్ ప్లేస్’ అంటే జరగడం. ‘టేక్ యువర్ ప్లేసెస్’ అంటే ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోండని. ‘టేక్ హిజ్ ప్లేస్’ అంటే అతని బదులు రావడం. మూడింటిలోనూ ‘టేక్’ ఉంది, ఒక్కదాంట్లోనూ తీసుకోవడం లేదు. ‘ఇన్ ద ఫస్ట్ ప్లేస్’కి మన ‘అసలు’ చాలు: ‘అసలు నువ్వెందుకు వెళ్ళావు?’ ఎవరైనా ‘కమ్ టు మై ప్లేస్’ అంటే ‘మా ఇంటికి రా’ అనే.

ఇక మీ వాక్యం. మొహం తెలిసినట్టే ఉంటుంది, ఎవరో తట్టదు. ‘ఎక్కడో చూశాను, ఎవరో గుర్తు రావడం లేదు’ అంటాం కదా, అదీ. నేనూ ఒకప్పుడు దీన్ని ‘అతన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు’ అని రాసి పంపాను. కథలో అతను ఇంటికొచ్చిన అతిథి. గదులు చాలలేదేమో అనుకున్నారట చదివినవాళ్ళు!

ఆ ‘ఎక్కడో’ని కొంచెం పట్టి చూడండి. ఆ, ఈ, ఏలకు ‘కడ’ చేరితే త్రికసంధితో అక్కడ, ఇక్కడ, ఎక్కడ అయ్యాయి. కడ అంటే చోటు, వైపు. అంటే చోటు ఆ మాటల్లోనే దాగి ఉంది. అందుకే ‘దిస్ ఈజ్ ద ప్లేస్ వేర్ హి వాజ్ బార్న్’ అన్నదానికి ‘అతను పుట్టిన ప్రదేశం ఇదే’ అననక్కర్లేదు. ‘అతను పుట్టిందిక్కడే’ అంటే అయిపోయింది. సగం సందర్భాల్లో ‘ప్లేస్’కి మంచి అనువాదం దాన్ని వదిలేయడమే.

ఇంకొకరు: ‘టేక్ ప్లేస్’కి వార్తల్లో ‘చోటుచేసుకుంది’ అని రాస్తారు కదండీ, అది తప్పా?

జవాబు: తప్పనను. నాకు మాత్రం పంటికింద రాయే. ‘నిన్న మా ఇంట్లో గొడవ చోటుచేసుకుంది’ అని ఎవరైనా అనగా విన్నారా? గొడవ జరుగుతుంది, అవుతుంది. ‘మనసులో చోటు చేసుకున్నాడు’ అంటే బాగుంది, ఎందుకంటే అక్కడ నిజంగానే ఇరుకులో కాస్త ఖాళీ చేసుకుని కూర్చున్నాడు.

ఎదురు దారిలోనూ ఒక గుంట ఉంది. మనం ‘సంచిలో ప్లేస్ లేదు’, ‘ఫోన్‌లో ప్లేస్ లేదు’ అంటాం. ఇంగ్లిష్‌లో అక్కడ ‘రూమ్’ అనో ‘స్పేస్’ అనో అంటారు. మాట వాళ్ళదే, లోపల అర్థం మాత్రం మన ‘చోటు’. తెలుగులో అలా మాట్లాడితే తప్పేం లేదు, ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు చూసుకోవాలి.

అడిగినవారు: చాలా థాంక్సండీ, నాలుగు తేలాయి. ఐదోది మిగిలింది: ‘షి న్యూ హర్ ప్లేస్’. ‘తన స్థానం తెలుసు’ అంటే మెచ్చుకున్నట్టుంది, కథలో అలా లేదు. కోడలి గురించి ముసలాయన అనే మాట.

జవాబు: మెచ్చుకుంటున్నాననే ఆయన అనుకుంటాడు, ఒళ్ళు మండేది మనకి. ‘తన హద్దు తెలిసిన పిల్ల’ అని రాసి చూడండి.