అప్‌డేట్: ఆనందపురం ఇంటికి సెప్టిక్ ట్యాంకే కట్టించాం

విశాఖ శివార్లలో ఆనందపురం దగ్గర కడుతున్న మా ఇంటికి మురుగు కాలువ లేదు, సెప్టిక్ ట్యాంకా, బయో డైజెస్టరా (మురుగును బ్యాక్టీరియాతో కుళ్లబెట్టే ట్యాంకు) అని వేసవిలో ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ‘ముందు నేలను పరీక్షించండి’ అన్న సలహాయే దారి చూపింది. ఇంజినీరు గొయ్యి తవ్వించి, రాత్రంతా నీటితో నానబెట్టి, మర్నాడు నీరు 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో చూశారు. మా ఎర్రనేల బాగానే పీల్చుకుంటోంది, అందుకే సెప్టిక్ ట్యాంకే ఖాయం చేశాం.

అసలు పొరపాటు వేరేచోట బయటపడింది. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు నేలలోకి ఇంకే గుంతకు మేస్త్రీ గుర్తుపెట్టిన చోటు బోరుకు 9 మీటర్ల దూరంలోనే ఉంది! భారతీయ ప్రమాణం ప్రకారం కనీసం 18 మీటర్లు ఉండాలి. పిల్లలు తాగే నీళ్లవి. తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. గుంతను పెరటి మూలకు మార్చాం. నేను వారాల తరబడి చేసిన బయో డైజెస్టర్ కంపెనీల పోలిక అవసరమే పడలేదు. వానాకాలం గడిచింది, గుంత పొంగలేదు.