ఎండబెట్టినా బియ్యంలో ముక్కు పురుగులు మళ్లీ ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: 25 కిలోల సోనామసూరి బస్తా. ఎండలో పోసి, చెరిగి డబ్బాకెత్తినా నెల తిరిగేసరికి మళ్లీ పురుగులు. బిళ్లలు వేయమంటున్నారు. వేయొచ్చాండీ?

జవాబు: బిళ్లల జోలికి అసలు వెళ్లకండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. మూసిన గదిలో పడుకున్నవాళ్ల ప్రాణాలు తీస్తుంది, విరుగుడు మందు లేదు. గోదాముల్లో శిక్షణ ఉన్నవాళ్లు వాడే సరుకది. బోరిక్ పౌడర్ కూడా కలపకండి.

ఎండకు పారిపోయేవి పెద్ద పురుగులే. ఆడ పురుగు ముక్కుతో గింజకు కన్నం పెట్టి, అందులో గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్ల పురుగు గింజ లోపలే పెరిగి, వెచ్చటి వాతావరణంలో నెలకు అటూఇటుగా బయటపడుతుంది. మీ దగ్గర జరుగుతున్నదదే.

ప్రశ్న: మరి గింజ లోపలి పురుగులు పోవాలంటే ఏం చేయాలి? వేపాకు వేస్తే చాలదా?

జవాబు: బియ్యాన్ని 2-3 కిలోల చొప్పున సంచుల్లో కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి. గుడ్లతో సహా చస్తాయి. తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి, విప్పితే చెమ్మ పట్టి బూజొస్తుంది. డబ్బా అంచుల్లో, మూత గాడిలో ఇరుక్కున్న నూకలు దులపకుండా కొత్త బియ్యం పోస్తే శ్రమంతా వృథా. వేపాకు గింజలోని పురుగును చంపదు.

ప్రశ్న: పురుగు పట్టిన బియ్యం తినొచ్చా? పిండి, పప్పుల సంగతేంటి?

జవాబు: బూజు వాసన లేకపోతే ఆ బియ్యం చెరిగి, కడిగి వండుకోవచ్చు. పిండి సంగతి వేరు. ఎర్ర పెంకు పురుగులు వదిలే రసాయనాలతో గులాబి రంగుకు తిరిగి ఘాటు వాసనొస్తే పారేయాల్సిందే. పెసలు, కందులకైతే కిలోకు 5 మి.లీ. ఆముదం పట్టించండి. వాటికి పట్టే పురుగులు గింజపైనే పెట్టే గుడ్లకు గాలాడదు.