వోక్ అంటే ఏంటో ఎవరైనా ఒక్క ముక్కలో చెప్తారా?

పులిహోర_ప్లేనో:
ట్రోలింగ్ కాదు, నిజంగానే అడుగుతున్నా. మొన్న శనివారం పాట్‌లక్‌లో ఒక అంకుల్ గంటసేపు వోక్ వోక్ అని వాయించేశారు, పేపర్ స్ట్రా వోక్ అట, మా పాప స్కూల్లో పుస్తకం వోక్ అట, సినిమాలో హీరోయిన్ ఫైట్ చేస్తే అదీ వోకే. సరే అంకుల్, అసలు వోక్ అంటే ఏంటండీ అంటే "అదేనమ్మా, ఈ వోక్ బ్యాచ్ అంతా" అని ఇంకో గారె అందుకున్నారు. మా అమ్మయితే నూడుల్స్ చేసే మూకుడేమో అనుకుంది 😅 తిట్టు వద్దు, డెఫినిషన్ కావాలి.

పాతపేపర్లు:
అంకుల్‌ని ఒక్కర్నే అనకండక్కా. ఫ్లోరిడాలో 2022లో ఏకంగా స్టాప్ వోక్ యాక్ట్ అని చట్టమే తెచ్చారు కదా, ఆ ఏడాది చివర్లో వేరే కేసులో గవర్నర్ డిశాంటిస్ లాయర్‌ని కోర్టులో వోక్ అంటే ఏంటని అడిగితే, అమెరికా వ్యవస్థలోనే అన్యాయాలున్నాయి, వాటిని సరిచెయ్యాలి అని నమ్మడం అన్నాడు. అది తిట్టో పొగడ్తో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

మాట పుట్టింది అక్కడి నల్లవాళ్ల వాడుకలో. 1931లో అలబామాలో గూడ్సు రైల్లో పోతున్న తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్ల మీద రేప్ కేసు పెట్టారు, పచ్చి అబద్ధం, స్కాట్స్‌బరోలో విచారణ చేసి ఎనిమిదిమందికి మరణశిక్ష వేసేశారు. లెడ్ బెల్లీ అనే గాయకుడు వాళ్ల మీద పాట కట్టి, 1938 రికార్డింగ్‌లో, అటు పోయేవాళ్లు జాగ్రత్త, స్టే వోక్, అంటే మేలుకొనే ఉండండి అంటాడు. మన నాయనమ్మల భాషలో "ఒళ్లు దగ్గర పెట్టుకుని పోరా" అంతే, సిద్ధాంతం గిద్ధాంతం ఏం లేదు, ప్రాణభయం. 2014లో మిస్సోరి రాష్ట్రం ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే నల్ల కుర్రాణ్ని పోలీసు కాల్చి చంపాక జనంలోకి బాగా వచ్చింది, 2017కి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఎక్కింది, ఆ తర్వాత చూస్తుండగానే తిట్టయిపోయింది.

సూటిగా_చెప్తా:
పుట్టుకతో పనేంటి బ్రో, ఇప్పుడు దేనికి వాడుతున్నారో చెప్పు. నా లెక్కలో వోక్ అంటే మనిషిని చూడకముందే వాడి గుంపు చూసి, అణిచేవాడా అణగినవాడా అని తేల్చేయడం. హార్వర్డ్ యూనివర్సిటీ అడ్మిషన్ల కేసులో ఏషియన్ పిల్లలకి పర్సనల్ రేటింగ్, అంటే వ్యక్తిత్వానికి వేసే మార్కులు, తక్కువ పడుతోందని లెక్కలతో సహా బయటపెట్టారు, 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు రేస్, అంటే జాతి చూసి అడ్మిషన్ ఇవ్వడం కుదరదంది. మన పిల్లలకి తగిలిన దెబ్బ అది, దాన్ని న్యాయం అంటే ఎట్లా?

రెండోగ్లాసు:
నువ్వన్నదాంట్లో కొంత నిజముంది, కానీ "మన పిల్లలు" అన్నావు చూడు, అక్కడే నాకు తేడా కొట్టింది. మా ఆఫీసులో ఒకసారి వివక్ష మీద ట్రైనింగ్ అని అందర్నీ వరసలో నిలబెట్టారు, ఇంట్లో పుస్తకాలుండేవా ఒకడుగు ముందుకి, అమ్మానాన్న కాలేజీ మెట్లెక్కలేదా ఒకడుగు వెనక్కి. నా పక్కన ఇంకో తెలుగాయన, ఇద్దరం సౌత్ ఏషియన్ అనే ఒకే డబ్బాలో. మా నాన్న ఊరి టీకొట్లో బయట కడ్డీకి వేలాడే వేరే గ్లాసులో తాగిన మనిషి, దాని గురించి ఆ ట్రైనింగ్‌లో ఒక్క ప్రశ్న లేదు. ఆ పక్కనున్న తెలుగాయన లంచ్‌లో ఇదంతా వోక్ చెత్త అని తిట్టి, అదే నోటితో "మీ ఇంటిపేరేంటి బ్రో?" అన్నాడు.

2023 ఫిబ్రవరిలో సియాటెల్ సిటీ కౌన్సిల్ కులవివక్షని నిషేధిస్తే మన గ్రూపుల్లో దాన్నీ వోక్ అనేశారు. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే పాసైతే అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు, ఆయన్నేమో అంతా వోక్ అంటారు. ఇక డెఫినిషన్ నువ్వే చెప్పు.

పులిహోర_ప్లేనో:
అంకుల్ కంటే మీరే ఎక్కువ కన్ఫ్యూజ్ చేశారు, థ్యాంక్స్ 🙏 ఇంతకీ ఆ తొమ్మిదిమంది ఏమయ్యారు?

పాతపేపర్లు:
మరణశిక్ష ఎవరికీ అమలు కాలేదక్కా, ఏళ్లకేళ్లు జైల్లో మగ్గారు. చివరి ముగ్గురికి అలబామా క్షమాభిక్ష పెట్టింది 2013లో, అప్పటికి తొమ్మిదిమందిలో ఒక్కడూ బతికి లేడు.