పొడుగు లైను విరిగాక రెండో ముక్క ఎడమ అంచుకి పోతోంది: మీ ఎడిటర్లో ఎలా సరిచేశారు?

నల్లతెర
వీఎస్ కోడ్ ఎడిటర్, విండోస్. తెలుగు అనువాదాల జేసన్ (కీ, దాని విలువ జతలుగా రాసే డేటా) ఫైళ్లు, పక్కన మార్క్‌డౌన్ డాక్యుమెంట్లు. ఒక్కో లైను మూడు నాలుగు వందల అక్షరాలు. ఆల్ట్+జెడ్ (వర్డ్ వ్రాప్) కొడితే మాటల దగ్గర చక్కగానే విరుగుతోంది, కుడి అంచు దాటడం లేదు. కానీ విరిగిన ముక్క ఎడమ అంచుకి అంటుకుపోతోంది. నాలుగు లెవెల్స్ లోపలున్న కీ ఏదో, పై లైను తోక ఏదో తెలియడం లేదు. ఎడిటర్.వ్రాపింగ్‌ఇండెంట్ (ముక్క ఎంత లోపలికి జరగాలో చెప్పే సెట్టింగ్) "సేమ్" అనే ఉంది, "ఇండెంట్" పెట్టినా అంతే. ఇంకో రెండు: మార్క్‌డౌన్ లిస్టులో రెండో ముక్క గీత కింద కాకుండా మాట కింద రావాలంటే ఏం చేయాలి? ప్రింట్ తీస్తే ఈ ఇండెంట్ వస్తుందా?

రాయల_విమ్
విమ్‌లో ఇది 2014లోనే తేలిపోయింది, 7.4.338 ప్యాచ్. వ్రాప్, లైన్‌బ్రేక్, బ్రేక్‌ఇండెంట్ మూడూ ఆన్ చేయండి. బ్రేక్‌ఇండెంట్‌ఆప్ట్‌లో షిఫ్ట్:2 ఇస్తే విరిగిన ముక్క ఇంకో రెండు గళ్లు లోపలికి జరుగుతుంది. మిన్ అనేది మామూలుగా 20: ఎంత ఇండెంట్ ఉన్నా అక్షరాలకి కనీసం అన్ని గళ్లు వదులుతుంది, సన్నటి కిటికీలో కూడా లైను చదవగలరు. షోబ్రేక్‌కి ↪ ఇస్తే ఏది అసలు లైనో, ఏది ముక్కో కనబడుతుంది. లిస్టులో ముక్క మాట కిందికి రావాలంటే అందులోనే లిస్ట్:-1 ఇవ్వండి. మిగతా ఎడిటర్లలో ఇంత పట్టు లేదు.

వైజాగ్_క్యూఏ
80 అక్షరాల దగ్గర ఎంటర్ కొట్టి రాసే అలవాటు ఉంటే ఈ ప్రశ్నే పుట్టదు. పైథాన్ కోడ్ శైలి నియమాలు (పెప్ 8) అడిగేది 79. లినక్స్ కెర్నల్ చెక్‌ప్యాచ్ అనే కోడ్ తనిఖీ స్క్రిప్ట్ 2020లో హెచ్చరికని 100కి జరిపినా, 80 లోపే రాయమన్న మాట తీసేయలేదు. తెర మీద మాత్రమే విరిచే పద్ధతి బద్ధకాన్ని దాచే ముసుగు. ఫైల్లో లేని విరుపుని తెర మీద చూపించడం ఎవరికి మేలు?

అనువాద_పీఓ
@వైజాగ్_క్యూఏ ప్రశ్న మళ్లీ చదవండి. జేసన్ స్ట్రింగ్ మధ్యలో ఎంటర్ కొడితే ఫైలు చదివే ప్రోగ్రాం (పార్సర్) తప్పంటుంది. కొత్త లైను కావాలంటే \n రాయాలి, అది అనువాదంలోకి కూడా పోతుంది. యామల్ అనే ఇంకో ఫార్మాట్ అయితే > గుర్తుతో విరవచ్చు, చదివేటప్పుడు లైన్ల మధ్య ఖాళీ పెట్టి కలుపుతుంది. జేసన్‌లో ఆ వీలు లేదు. కోడ్‌కి పెట్టుకున్న నియమాన్ని డేటా మీద రుద్దకండి.

వైజాగ్_క్యూఏ
సరే, జేసన్ వదిలేయండి. మార్క్‌డౌన్‌కి ఏం అడ్డం? నాలుగు వందల అక్షరాల పేరాలో ఒక్క కామా మారిస్తే మార్పులు చూపే గిట్ డిఫ్‌లో లైను మొత్తం ఎర్రగా, మళ్లీ మొత్తం పచ్చగా. రివ్యూ చేసేవాడి కళ్లు ఏం కావాలి?

అనువాద_పీఓ
గిట్ డిఫ్‌కి --వర్డ్-డిఫ్ ఇవ్వండి, మారిన మాట మాత్రమే చూపిస్తుంది. లేదా వాక్యానికో లైను రాయండి, మార్క్‌డౌన్ వాటిని ఒకే పేరాగా చూపిస్తుంది. మీ 80 పద్ధతిలో పేరా మొదట్లో ఒక మాట చేర్చి మళ్లీ సర్దితే కింది లైన్లన్నీ కదులుతాయి, డిఫ్ ఇంకా పాడవుతుంది. పీఓ (అనువాదాల) ఫైళ్లలో రోజూ ఉండే నొప్పి ఇదే: ఒక టూల్ ఒక వెడల్పుకి విరుస్తుంది, ఇంకో టూల్ అసలు విరవదు, ఒక్క అక్షరం మారకుండానే వందల లైన్ల డిఫ్. అందుకే కమిట్‌కి ముందు ఎమ్‌ఎస్‌జిక్యాట్ --నో-వ్రాప్ (పీఓ లైన్లని విరవకుండా రాసే కమాండ్) నడపమని టీమ్ అంతటికీ నియమం పెట్టాలి.

లిపి77
తెలుగులో 80 అంటే 80 ఏమిటి? ఎవరైనా చెప్తారా? "క్ష" తెర మీద ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మూడు కోడ్ పాయింట్లు (క, ్, ష). యూటీఎఫ్-8లో తొమ్మిది బైట్లు. బైట్లు లెక్కపెట్టి లైన్లు విరిచే ఫోల్డ్ కమాండ్‌కి -w 80 ఇస్తే 26 కోడ్ పాయింట్లు దాటగానే 27వ దాన్ని మధ్యలో నరుకుతుంది, తెర మీద ప్రశ్న గుర్తుల డబ్బాలు వస్తాయి. పైగా తెలుగు ఫాంట్లో "ర" వెడల్పు వేరు, "ఘ" వెడల్పు వేరు. కాలమ్ లెక్క ఇంగ్లీషు మోనోస్పేస్‌కి పుట్టింది.

వీఎస్ కోడ్‌లో ఎడిటర్.వ్రాపింగ్‌స్ట్రాటజీ అని ఉంది. మామూలుగా "సింపుల్": అక్షరాలన్నీ ఒకే వెడల్పు అనుకుని లెక్క కడుతుంది. తెలుగు లైను కుడి అంచు దాటి పోవడమో, సగంలోనే విరిగి ఖాళీ మిగలడమో దీనివల్లే. "అడ్వాన్స్‌డ్" పెడితే ఆ లెక్కని బ్రౌజర్‌కి అప్పగిస్తుంది, సరిగ్గా వస్తుంది. పెద్ద ఫైళ్లలో బిగుసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి అనువాదాల ఫోల్డర్ వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో మాత్రమే పెట్టండి.

ఓరుగల్లు_ఇమాక్స్
@రాయల_విమ్ "మిగతా ఎడిటర్లలో పట్టు లేదు" అనడం తప్పు. ఇమాక్స్‌లో విజువల్-లైన్-మోడ్‌తో పాటు అడాప్టివ్-వ్రాప్ ప్యాకేజీ పెడితే "- " తర్వాతి మాట కిందికే ముక్క వస్తుంది. ఇమాక్స్ 30లో అయితే విజువల్-వ్రాప్-ప్రిఫిక్స్-మోడ్ దాంతోనే వస్తోంది. మీరు చెప్పిన లిస్ట్:-1, లిస్టు గుర్తులేవో చెప్పే విమ్ ఆప్షన్ ఫార్మాట్‌లిస్ట్‌ప్యాట్‌ని బట్టి పని చేస్తుంది. అందులో మామూలుగా ఉండేది "1." లాంటి అంకెల ప్యాటర్న్ ఒక్కటే. గీత, చుక్క గుర్తులు మనమే చేర్చాలి. ఆ ముక్క చెప్పకుండా సలహా ఇస్తే కొత్తవాళ్లు గంటలు పోగొట్టుకుంటారు.

రాయల_విమ్
చేర్చడం ఒక్క లైను పని. విమ్ వాడేవాడికి అది తెలిసే ఉంటుంది.

ఓరుగల్లు_ఇమాక్స్
అడిగినవారు విమ్ వాడరు. ఇంకోటి, టెర్మినల్లో తెలుగు తెరిస్తే గళ్ల లెక్కకి, గీసిన అక్షరానికి పొంతన కుదరదు. అక్కడ బ్రేక్‌ఇండెంట్ ఎంత చక్కగా ఉన్నా కర్సర్ ఒకచోట, అక్షరం ఒకచోట ఉంటాయి. అదే టెర్మినల్లో మౌస్‌తో ఎంచుకుని కాపీ చేస్తే మీ ↪ గుర్తూ, ఇండెంట్ ఖాళీలూ క్లిప్‌బోర్డులోకి వచ్చేస్తాయి, ఎందుకంటే వాటిని గీసేది విమ్ కాబట్టి టెర్మినల్‌కి అవీ అక్షరాలే. విమ్‌లోనే క్లిప్‌బోర్డుకి వెళ్లే ప్లస్ రిజిస్టర్‌లోకి యాంక్ (కాపీ) చేయాలి.

సబ్‌లైమ్_తెనాలి
నోట్‌ప్యాడ్++ వాళ్లకి: వ్యూ మెనూలో వర్డ్ వ్రాప్. తర్వాత ప్రిఫరెన్సెస్‌లో ఎడిటింగ్ పేజీ, లైన్ వ్రాప్ దగ్గర మూడు ఉంటాయి. డిఫాల్ట్ అంటే అంచుకి, అలైన్డ్ అంటే అసలు లైను ఇండెంట్ కిందికి, ఇండెంట్ అంటే ఇంకో మెట్టు లోపలికి. సబ్‌లైమ్‌లో ఇండెంట్_సబ్‌సీక్వెంట్_లైన్స్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది.

వైజాగ్_క్యూఏ
విమ్ సంగతి వచ్చింది కాబట్టి. విరిగిన ముక్కల మధ్య కిందికి దిగాలని జే కీని (కింది లైనుకి) జీజేకి (కింది ముక్కకి) మార్చేస్తారు చాలామంది. దాంతో 5జే కొడితే ఐదు లైన్లు కాదు, ఐదు ముక్కలు దిగుతుంది. రిలేటివ్ నంబర్ చూసి దూకే వాళ్లకి లెక్క తప్పుతుంది. రికార్డ్ చేసిన మ్యాక్రో కిటికీ వెడల్పు మారగానే వేరే చోటికి పోతుంది. ముందు అంకె లేకపోతేనే (కౌంట్ సున్నా) జీజే, లేకపోతే జే అని ఎక్స్‌ప్రెషన్ మ్యాపింగ్ పెట్టాలి. తెర మీది విరుపు ముసుగు అని నేనన్నది ఇందుకే.

లిపి77
@నల్లతెర మీ ప్రశ్నలో ఒక మాట అందరం దాటేశాం. తెలుగు అయినా కుడి అంచు దాటకుండా విరుగుతోంది అన్నారు. అంటే మీరు పెట్టకుండానే అడ్వాన్స్‌డ్ పద్ధతి నడుస్తోంది. ఇండెంట్ మాత్రం సున్నా. ఈ రెండూ కలిసి వచ్చే చోటు ఒకటుంది: స్క్రీన్ రీడర్ (తెర మీది మాటల్ని చదివి వినిపించే ప్రోగ్రాం) మోడ్. అది ఆన్ అయితే వీఎస్ కోడ్ విరుపుకి అడ్వాన్స్‌డ్ వాడుతుంది, ఇండెంట్‌ని సెట్టింగ్‌తో పని లేకుండా తీసేస్తుంది. కింద స్టేటస్ బార్‌లో "స్క్రీన్ రీడర్ ఆప్టిమైజ్డ్" అని ఉందా చూడండి.

నల్లతెర
ఉంది! నేను స్క్రీన్ రీడర్ వాడనే వాడను.

లిపి77
ఎడిటర్.యాక్సెసిబిలిటీసపోర్ట్ "ఆటో"లో ఉంటే విండోస్ యాక్సెసిబిలిటీ ఏపీఐని వాడే ఇంకో ప్రోగ్రాం ఏదైనా దాన్ని లేపగలదు. స్టేటస్ బార్‌లో ఆ మాట మీద నొక్కితే స్క్రీన్ రీడర్ వాడుతున్నారా అని అడుగుతుంది, కాదనండి, "ఆఫ్" అవుతుంది. దీన్ని మీ యూజర్ సెట్టింగ్స్‌లోనే ఉంచండి, రిపోజిటరీలో కమిట్ చేయకండి. టీమ్‌లో నిజంగా స్క్రీన్ రీడర్ వాడేవారికి ఎడిటర్ పనికిరాకుండా పోతుంది. ఆఫ్ చేశాక విరుపు మళ్లీ "సింపుల్"కి పోతుంది, కాబట్టి అడ్వాన్స్‌డ్ చేత్తో పెట్టుకోండి.

మార్క్‌డౌన్‌కి ట్యాబ్ సైజు 2, వ్రాపింగ్‌ఇండెంట్ "ఇండెంట్" పెడితే "- " తర్వాతి మాట కిందికి వస్తుంది. మామూలు పేరాలు కూడా రెండు గళ్లు జరుగుతాయి, "10." లాంటి అంకెల దగ్గర కుదరదు.

నల్లతెర
జేసన్ ఇండెంట్ వచ్చింది. కిటికీని రెండుగా చీలిస్తే మాత్రం లోతైన కీల దగ్గర మళ్లీ అంచుకి పోతోంది.

అనువాద_పీఓ
అది బగ్ కాదు. ఇండెంట్ పోగా అక్షరాలకి చోటు మిగలనప్పుడు వీఎస్ కోడ్ ఇండెంట్‌ని పూర్తిగా వదిలేస్తుంది, విమ్‌లో మిన్ లాగా కొంత ఉంచడం ఉండదు. "డీప్‌ఇండెంట్" పెట్టి ఉంటే రెండు మెట్లు అదనం కాబట్టి ఇంకా ముందే పడిపోతుంది. "సేమ్" పెట్టండి, జేసన్ ఇండెంట్ 4 ఉంటే 2కి దించండి.